పొంగని పిండి

అరకు వచ్చిన రెండో రోజు సాయంత్రం నేను వాచ్‌మన్ భార్య ఇచ్చిన రోట్లో మినప్పప్పు రుబ్బుతున్నాను. గెస్ట్‌హౌస్‌లో మిక్సీ లేదు. వాగు చూసి వచ్చిన మా ఆయన, అత్తయ్యగారు, పదేళ్ల మా అమ్మాయి జ్యోతి వరండాలో కూర్చుని అక్కడి నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పుకుంటున్నారు. రోట్లో నా చేతికి తగిలే నీళ్లూ చల్లగానే ఉన్నాయి.

"ఏమ్మాయ్, మెత్తగా రుబ్బు. పొద్దున్నే నాకింత ఇడ్లీ పడేసి మీరు బొర్రా గుహలకి పోదురుగాని. ఆ మెట్లు నావల్ల కాదు. హోటల్ నూనె నాకు పడదని తెలుసుగా" అన్నారు అత్తయ్యగారు.

నిజానికి ఈ ప్రయాణం నా కోసమే. నెల కిందట స్కూల్లో ఎక్కాలు చెబుతూ నల్లబల్ల దగ్గరే కళ్లు తిరిగి పడ్డాను. ఒంట్లో రక్తం లేదు, పది రోజులు విశ్రాంతి కావాలన్నారు డాక్టరుగారు. మా ఆయన శ్యాంబాబుగారు ఆ పది రోజుల్ని మూడు రోజులు చేసి, ఆ మూడు రోజుల్ని అరకు చేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పారు. "మా ఆవిడకి రెస్టుకనండి, కొండలకి తీసుకెళ్తున్నా." పాస్టరుగారు నా పేరున ప్రార్థన చేశారు. ధవళేశ్వరం ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని "అదృష్టవంతురాలివమ్మా దేవకుమారీ" అన్నారు. ఆ సాయంత్రమే ఆయన సామాన్లు చెప్పి సర్దించారు. స్టవ్వు, బియ్యం, పప్పులు, రవ్వలు, ఇడ్లీ పాత్ర, ఆవకాయ. రైలు సొరంగాల్లో దూరినప్పుడల్లా జ్యోతి కేకలేసింది. నేను ఆవకాయ జాడీ ఒలక్కుండా ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. కిటికీ అత్తయ్యగారిది.

మొదటి రోజు వాళ్లు మ్యూజియం చూశారు, నేను చారు పెట్టాను. రెండో రోజు వాగు చూశారు, నేను పప్పు నానబోశాను. "నువ్వు రెస్టు తీసుకో" అని చెప్పి మరీ వెళ్లారు ఆయన. ఇక గుహలొక్కటే మిగిలాయి. అందుకే నోరు తెరిచి అడిగాను. "రేపు నేనూ వస్తానండీ."

"టిఫిన్లు అయిపోతే ఎవరొద్దన్నారు?" అన్నారాయన.

మా ఊళ్లో డిసెంబరులోనైనా రుబ్బిన పిండి తెల్లారేసరికి గిన్నె మూత లేపుతుంది. ఇక్కడి చలి సంగతి అత్తయ్యగారికి తట్టింది. పడుకోబోతూ నా భుజాల మీది శాలువా తీసి గిన్నెకి చుట్టారు. "పిండికి చలేస్తే పులవదు." నేను కొంగు కప్పుకున్నాను. అది ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పొద్దున మూత తీస్తే పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. బుడగ లేదు, పులుపు వాసన లేదు. అయినా ఒక వాయి వేశాను. రాళ్లు దిగాయి.

అత్తయ్యగారు ఇడ్లీని వేలితో నొక్కి చూశారు. "పద్నాలుగేళ్ల సంసారం. పిండి పులియబెట్టడం రాదు!"

బయట జీపు హారన్ కొట్టింది. జ్యోతి అప్పటికే ఎక్కి కూర్చుంది. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తకుండానే తీర్పు చెప్పేశారు. "ఇప్పుడు అనుకుని ఏం లాభంలే. కుమారీ, నువ్వుండి అమ్మకి ఉప్మా చేసిపెట్టు. మేం చూసొస్తాం. నీకూ రెస్టుగా ఉంటుంది."

నాకు కోపం రాలేదు. ఆయన అబద్ధమాడటం లేదని ఆ క్షణాన అర్థమైంది. పద్నాలుగేళ్లుగా ఇంట్లో నేను ఏం చేస్తున్నా ఆయన కంటికి అది విశ్రాంతిగానే కనబడుతోంది. డాక్టరుగారు చెప్పింది కూడా అలాగే వినబడి ఉంటుంది.

గిన్నెకి చుట్టిన శాలువా విప్పాను. అంచుకి పిండి అంటుకుంది. అలాగే కప్పుకుని వెళ్లి జీపులో జ్యోతి పక్కన కూర్చున్నాను.

"ఏంటిది కుమారీ? దిగు. అక్కడ అమ్మ ఆకలితో ఉంది."

"రవ్వ ఎర్ర సంచిలో ఉందండీ. మీరుండి చెయ్యండి."

"నేనా? నవ్వులాటగా ఉందా నీకు?" డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడని ఆయన గొంతు తగ్గించారు.

"లేదండీ. గుహలు చూసొస్తాం" అన్నాను. "బాబూ, పోనివ్వు."

మలుపు తిరిగేదాకా జ్యోతి నన్నే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత చెవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, నాన్నకి ఉప్మా చెయ్యడం వచ్చా?"

"రాదు" అన్నాను. "నాకూ పుట్టుకతో రాలేదే."