పిలవరని తెలిసీ లేచిన మనిషి

రైలెక్కిన దగ్గర్నుంచీ జనీన్‌కి ఒకటే దిగులు. వదిన దగ్గర వదిలి వచ్చిన కూతురు టిల్లీకి ఈపాటికి ఆయాసం వచ్చే ఉంటుందని, ఇన్‌హేలర్ కనబడక వదిన ఇల్లంతా వెతుకుతూ ఉంటుందని. సముద్రపు ఒడ్డున ఉన్న వాళ్ల ఊరికి అంబులెన్సు ఒక్కటే. వచ్చే వసంతానికి దాన్నీ ఎత్తేస్తారట. ఆ తర్వాత ఎవరికేం ముంచుకొచ్చినా నలభై మైళ్ల అవతలినుంచి బండి రావాలి. కిందటి శీతాకాలం టిల్లీ పెదవులు నీలంగా మారిన రోజున ఊళ్లో అంబులెన్సు తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. ఆ తొమ్మిది నిమిషాలకే జనీన్ ప్రాణం సగమైంది.

ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించిన కాగితాల కట్టను ఒళ్లోనుంచి దించకుండా లండన్ చేరింది. ఆ రోజు పార్లమెంటులో ఆరోగ్య మంత్రి అంబులెన్సుల గురించే ప్రకటన చేస్తాడు. అది అయ్యాక సభ్యులు ప్రశ్నలు వేయొచ్చు. మన ఊరి సంగతి నేనడుగుతానని వాళ్ల ఎంపీ హిల్డా పాస్క్ మాటిచ్చింది.

"పైన గ్యాలరీలో కూర్చో తల్లీ. మంత్రి ఏమంటాడో నీ చెవులతోనే విందువుగాని" అంది ఫోనులో.

తీరా గేటు దగ్గర తనిఖీల వరస చూసేసరికి జనీన్ అక్కడే ఆగిపోయింది. కట్ట లాక్కుంటారేమో, ఇంత పెద్ద భవనంలో తప్పిపోతానేమో. రెండుసార్లు ఫోన్ చేసింది.

"నావల్ల కాదు హిల్డా గారూ, మీరొక్కసారి రండి."

అరవై తొమ్మిదేళ్ల హిల్డా, అరిగిన మోకాళ్లతో మెట్లు దిగి వచ్చింది. కట్ట అందుకుని, జనీన్‌ని గ్యాలరీ దాకా దిగబెట్టి సభలోకి వెళ్లింది. అప్పటికే మంత్రి మాట్లాడుతున్నాడు.

గ్యాలరీకి అడ్డంగా ఉన్న అద్దం వెనకనుంచి జనీన్ కిందికి చూస్తూ కూర్చుంది. ఒక్కో జవాబు అవగానే, అడగదలుచుకున్న వాళ్లందరూ లేచి నిలబడుతున్నారు. స్పీకరు ఒకరి పేరు పిలుస్తాడు, మిగతావాళ్లు కూర్చుంటారు. హిల్డా లేచింది. పిలవలేదు. కూర్చుంది. మళ్లీ లేచింది. పోనుపోను ముందు బెంచీ పట్టుకుంటే తప్ప లేవలేకపోతోంది. ఇరవై దాటాక జనీన్ లెక్కపెట్టడం మానేసింది.

గ్యాలరీ తలుపు దగ్గర నల్లకోటులో కాపలా ఉన్న పెద్దాయన్ని అడిగింది. "మా ఎంపీని పిలవరేమండీ?"

"మంత్రి మొదలెట్టాక వచ్చిందిగా అమ్మా. ఆలస్యంగా వచ్చినవాళ్లని పిలవరు. ఇక్కడి ఆనవాయితీ."

"ఆవిడకి తెలీదేమో."

"ఆవిడకా? పదిహేడేళ్లుగా ఇక్కడే ఉంది. కొత్తవాళ్లకి ఈ ముక్క చెప్పేదే ఆవిడ."

జనీన్ అద్దం వైపు తిరిగింది. కింద హిల్డా మళ్లీ లేస్తోంది.

సభ అయ్యాక క్యాంటీన్‌లో ఇద్దరూ టీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. హిల్డా మోకాలు రుద్దుకుంటోంది.

"నావల్లే కదండీ."

"ఈ మోకాళ్లవల్ల. ఇదివరకైతే పరిగెత్తేదాన్ని."

"పిలవరని తెలిసీ ఎందుకు లేచారు?"

"అంత దూరంనుంచి వచ్చి పైన కూర్చున్నావు. నేను కదలకుండా కూర్చుంటే నీకెలా ఉంటుంది?" టీ ఒక గుక్క తాగింది. "మంత్రీ చూశాడులే. ముసల్ది వదలదని తెలిసింది. ఇవాళ్టికి అదే లాభం."

"మరి సంతకాలు?"

"స్పీకరు కుర్చీ వెనకాల అర్జీలు వేసే ఆకుపచ్చ సంచీ వేలాడుతుంటుంది. అందులో వేశాను. రెండు నెలల్లో ప్రభుత్వం జవాబు రాయాలి."

"రాస్తారా?"

"రాస్తారు, పరిశీలిస్తున్నామని." హిల్డా నిట్టూర్చింది. "మంగళవారం మంత్రి మళ్లీ సభకొస్తాడు. నేను పొద్దున్నే వెళ్లి చోటు పట్టుకుంటా. ఈసారి నువ్వు మాత్రం రాకు తల్లీ."

జనీన్ తలూపింది.

రైలు కదిలాక ఇంటికి ఫోన్ చేసింది. వదిన ఎత్తేలోగా ఎన్ని కీడులు ఊహించుకోవాలో అన్నీ ఊహించుకుంది.

"టిల్లీ బాగానే ఉందిలే, టీవీ చూస్తోంది. మంత్రి ఏమన్నాడు?"

"మంగళవారం అడుగుతారట" అంది జనీన్. ఆ వెంటనే, "ఇన్‌హేలర్ పక్కనే ఉందా? ఒకసారి లేచి చూడవా వదినా" అంది.