జానయ్య తోమిన కవచం

ఇటుక పొడిలో ఆముదం పోసి జానయ్య బొటనవేలితో కలుపుతున్నాడు. పలచనైతే చిలుము వదలదు, మరీ గట్టిగా ఉంటే ఇనుము గీరుకుపోతుంది. ముప్పై ఏళ్లుగా దొర గడీలో పాత ఆయుధాలు తోమడమే ఆయన పని. గోడకు పదకొండు కత్తులు, ఆరు డాళ్లు, ఒక ఇనుప కవచం. దొర పట్నం చేరి పదేళ్లయింది. అడిగేవాడు లేడు, మానేయొచ్చు. మానడు, మొండి మనిషి.

అన్నిటికన్నా ఎక్కువ తోమేది కవచాన్నే. దానికి ఎడమ పక్కన రేగుపండు పట్టేంత సొట్ట ఉంది. ఏనాడో తుపాకి గుండు తగిలి, లోపలికి పోలేక కింద పడిన గుర్తని పెద్దలు చెప్పారు. జానయ్య తన కొడుకు సైదులుకు చెప్పాడు. "గుండు గూడ దీన్ని ఏం జెయ్యలే బిడ్డా" అని వాడి వేలు ఆ సొట్టలో పెట్టించి మరీ చెప్పాడు. ఊరి మీదికి రైఫిళ్లతో దండు వచ్చిన ఏడు, సైదులు ఎవరికీ చెప్పకుండా ఆ కవచం తొడుక్కుని ఎదురు పోయాడు. ఎద్దుల బండి మీద శవమై వచ్చాడు. తోలుపట్టీలు విప్పింది జానయ్యే. కవచం నడుమ కొత్త బొక్క.

సైదులు పోకముందు వానకాలంలో జానయ్య చలిజ్వరంతో నెల రోజులు మంచం పట్టాడు. కవచానికి చిలుము పట్టింది. చిలుము తిన్న ఇనుము గనకనే తూటా దూరిందని, కొడుకును తానే చంపుకున్నానని ఆయన నమ్మకం. ఆ మాట భార్య బీరమ్మకు కూడా చెప్పలేదు. చెప్పకుండా పదేళ్లు తోమాడు.

కవచం సగం తోమేసరికి పట్నం నుంచి జీపులో ఒక ఆఫీసరు దిగాడు. పాత ఆయుధాలన్నీ జనం చూసేందుకు సర్కారు అజాయబ్‌ఘర్‌లో పెట్టమని ఇచ్చేశాడట దొర. కత్తులు, డాళ్లు ఎక్కించాక ఆఫీసరు కవచాన్ని తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"బొక్క పడ్డది పెద్దాయనా. ఇది వద్దు."

పదేళ్లుగా ఎవరినీ అడగనిది జానయ్య అడిగాడు.

"సారూ, చిలుము లేకుంటే తూటా ఆగుతుండెనా?"

"ఏడ ఆగుతది? కత్తులకు, బాణాలకు చేసిన ఇనుమిది. దూరం నుంచి వచ్చిన నాటు గుండుకైతే సొట్ట పడి ఊకుంటది. రైఫిల్‌కు నిన్న చేసి ఇయ్యాల తొడిగినా ఆగదు." ముసలాయన ముఖం చూసి జాలిపడ్డాడేమో, "నువ్వైతే మంచిగనే చూసుకున్నవ్ లే" అన్నాడు.

జీపు పోయింది. తప్పు జ్వరానిది కాదు, చిలుముది కాదు. సొట్టలో వేలు పెట్టించి చెప్పిన మాటది. చిలుమైతే తోమొచ్చు. ఆ మాటను ఏం చేయాలో జానయ్యకు తోచలేదు. కవచం ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పగటి బువ్వకు జొన్న గటక తెచ్చిన బీరమ్మ, "ఏమయ్యా, సల్లారిపోతాంది, తిందువు లే" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి చేయి పట్టుకుని చూసింది. గటక వేడిగానే ఉంది, చేయి చల్లబడింది.

మర్నాడు కవచం లోపలుండగానే గడీకి తాళం పడింది. ఆ ఏటి వానకాలం పోయేలోగా, తోమని సగం నుంచి చిలుము బయల్దేరి, బొక్క చుట్టూ తిరిగి, సైదులు వేలు పెట్టిన సొట్టలోకి పాకింది.