యాభై గ్రాముల తరుగు

ఆర్మూరులో డబ్బున్నవాళ్లకు కొదవ లేదు. కానీ ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్నది మాత్రం పసుపు కమీషన్ ఏజెంట్ దేవదాస్ సేటుకే. ఎందుకు కట్టించాడయ్యా అంటే, ఎదురు దుకాణం ఆసామి తన రెండంతస్తుల ఇంటికి లిఫ్టు పెట్టించాడు కాబట్టి. అలాంటి మొనగాడికి తగిన జవాబు చెప్పాలంటే పూల్ ఒక్కటే దారి అని సేటుకు తోచింది. తోచిందే తడవుగా పెరట్లో రెండు జామచెట్లు కొట్టించి, వాస్తు చూపించుకుని, ఈశాన్యం మూల ముప్పై అడుగుల పొడవున తవ్వించి నీలం టైల్సు పరిపించాడు. నీళ్లు నింపిన రోజున తేలిందేమిటంటే, ఆ ఇంట్లో ఒక్కరికీ ఈత రాదు.

సేటు ఆదివారం ఆదివారం మోకాళ్లదాకా దిగుతాడు. మెట్ల పక్క కమ్మీని రెండు చేతులా పట్టుకుని, నీళ్లకు ఒక దండం పెట్టి పైకొచ్చేస్తాడు. ఆయన భార్య జ్యోతిలక్ష్మికి క్లోరిన్ వాసన పడదు, ఎండ అసలే పడదు. కొడుకు ఆశిష్ గట్టు మీద నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఫొటోలు దిగుతాడు గానీ నీళ్ల జోలికి పోడు. తడిస్తే జుట్టు నిలబడదట.

ఆ నీళ్లను నిజంగా అనుభవించే మనిషి ఒక్కతే ఉంది. వాటిని శుభ్రం చేసే మంగవ్వ.

మంగవ్వ పుట్టిల్లు దొంకేశ్వర్. వానలు బాగా పడ్డ ఏడు శ్రీరాంసాగర్ నీళ్లు చేలదాకా వచ్చేస్తాయి అక్కడ. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని ఆరేళ్లకే ఈత నేర్చింది. పెళ్లయి ఆర్మూరు వచ్చాక సేటు గోదాములో పద్దెనిమిదేళ్లు పసుపు ఏరింది. పాలిష్ డ్రమ్ము తిరుగుతుంటే లేచే దుమ్మంతా ఆమె గొంతులోకే పోయింది. దగ్గు రొమ్ములో కాపురం పెట్టింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పనిలోంచి తీసేయడానికి మనసొప్పక సేటు ఆమెను ఇంటికి పిలిపించి, వల కట్టిన పొడుగు కర్ర ఒకటి, బ్రష్షు ఒకటి చేతికిచ్చి పూల్ అప్పజెప్పాడు. అంతమాత్రం దయ ఆయనలో ఉంది, లేదనకూడదు.

తెల్లారి ఐదున్నరకు, ఇల్లంతా గురక పెడుతుండగా, మంగవ్వ పాత చుడీదార్ వేసుకుని నీళ్లలోకి దిగుతుంది. అరగంటలో ఆకులు తీసేసి, టైల్సు రుద్దేసి, పని ముగిస్తుంది. తర్వాత ఇంకో అరగంట ఈదుతుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, బోర్లా వెళ్లి వెల్లకిలా తిరిగొస్తుంది. ఏడాది తిరిగేసరికి దగ్గు సగానికి సగం తగ్గింది. దవాఖానలో మందులకు తగ్గిందని రాసుకున్నారు. రాసుకోనీ. ఆమె ఊపిరికి తెలుసు దేనివల్ల తగ్గిందో. ఈ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇలా సాగిపోతున్న నీళ్లలో రాయి వేసినవాడు ఆశిష్ స్నేహితుడు. హైదరాబాద్ నుంచి వచ్చి, గట్టు మీద కూర్చుని మటన్ తింటూ, "అంకుల్, ఇంకా మనిషితోనే క్లీన్ చేపిస్తున్నరా? మా గేటెడ్ కమ్యూనిటీల రోబోలు చేస్తయి" అన్నాడు. అంతే. సేటుకు ముద్ద దిగలేదు. మార్కెట్ యార్డులో పసుపు ధర కూలినప్పుడు కూడా ఆయన ముఖం అంతగా మాడలేదు.

"మేం గూడ ఆర్డర్ వెట్టినం. వస్తున్నది" అని అక్కడికక్కడే అబద్ధం ఆడేసి, ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి మర్నాడే ఫోన్లు మొదలెట్టాడు.

నాలుగో రోజు రఘునందన్ అనే కుర్ర సేల్స్‌మన్ కారు వెనక మూడు మెషిన్లు వేసుకుని దిగాడు. మెడలో టై, చేతిలో టాబ్లెట్. మూడింటినీ గట్టు మీద వరుసగా పెట్టాడు. చిన్నది అడుగు మాత్రమే ఊడుస్తుందట. నడిమిది గోడలు కూడా ఎక్కుతుందట. పెద్దది వైరు లేకుండా తనంతట తానే పూల్ పటం గీసుకుని, పని కాగానే ఫోనుకు మెసేజ్ పెడుతుందట.

సేటు మూడింటి చుట్టూ తిరిగాడు. ఒక్కోదాన్ని రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు. మూత తెరిచి వాసన చూశాడు. నలభై ఏళ్లుగా సరుకు కొన్న మనిషి, చెయ్యి ఊరుకోదు. 

"రాశి పోసి చూడంది నేను దేన్నీ కొనను. నడిపి చూపియ్యి" అన్నాడు.

"నడిపిస్త సార్. కాని ఇందుల చెత్తేది?" రఘునందన్ నీళ్లలోకి వంగి చూశాడు. "గింత నీట్‌గ ఉంటే మెషిన్ ఏం తీస్తది?"

సంగతేమిటంటే ఆ పొద్దున కూడా మంగవ్వ అడుగున పడ్డ కొబ్బరి పీచు పోగుతో సహా తీసేసింది. పని బాగా చేయడమే ఆమె మెడకు చుట్టుకుంది. సేటు ఒక్క క్షణం ఆలోచించి గోదాముకు ఫోను కొట్టాడు. పావుగంటలో ఒక సంచి నిండా పసుపు ముక్కలు వచ్చాయి, వాటితోపాటు ఎలక్ట్రానిక్ కాంటా వచ్చింది.

"మంగవ్వా, రెండు కిలోలు తూకమేసి నీళ్లల్ల చల్లు. మెషిన్ ఎంత తెస్తదో మళ్ల కాంట పెడ్దాం. లెక్క లెక్కే."

రోజూ తన చేత్తో తుడిచి అద్దంలా పెట్టిన నీళ్లలో తానే పసుపు చల్లాల్సి వచ్చేసరికి మంగవ్వకు ఒళ్లు మండింది. చల్లింది. నీళ్లు హల్దీ ఫంక్షన్ గంగాళంలా తయారయ్యాయి. రఘునందన్ ఫిల్టర్లకు రంగు పడుతుందేమోనని జంకుతూనే చిన్న మెషిన్‌ను అందుకున్నాడు. సేల్ కావాలి కదా.

చిన్న మెషిన్ దిగి, ఒక మూలకు పోయి, అక్కడే గానుగెద్దులా తిరగసాగింది. గంట తర్వాత బయటికి తీస్తే కిలోంబావు తెచ్చింది. "గిది మా గుమాస్తా లెక్కనే ఉన్నది. తిరుగుడెక్కువ, పని తక్కువ" అని సేటు దాన్ని పక్కకు నెట్టించాడు. మిగిలిన ముక్కలు ఎవరు తీయాలి? మంగవ్వే. ఏ మెషిన్‌కూ అన్యాయం జరగకూడదని, అడుగంతా చేత్తో ఏరి, మళ్లీ కొత్తగా రెండు కిలోలు తూచి చల్లింది. నడిమి మెషిన్ గోడెక్కి, నీళ్లపైకి ముక్కు పెట్టి చూసి, దబ్బున వెనక్కి పడింది. మూడుసార్లు పడ్డాక దానికీ విసుగొచ్చినట్టుంది, వెల్లకిలా పడుకుండిపోయింది. మంగవ్వ మళ్లీ దిగింది, మళ్లీ ఏరింది, మళ్లీ తూచి చల్లింది. మనుషుల పని తప్పించడానికి వచ్చిన మెషిన్లు ఆ ఒక్కరోజే ఆమెకు వారం పని చెప్పాయి.

పెద్ద మెషిన్ నీళ్లలో జారడం చూడగానే ఆమెకు భయం పట్టుకుంది. మంచి సరుకును ఆమె కన్ను దూరం నుంచే పట్టేస్తుంది. ఆ మెషిన్ ఆగలేదు, తడబడలేదు. నాగలి చాలు పట్టినట్టు ఒక కొస నుంచి ఇంకో కొసకు గీత తప్పకుండా పోయింది. అడుగు ఊడ్చి, గోడలు తోమి, మెట్లెక్కి దిగి, మూలలు కూడా నాకేసింది. గంటన్నరకు ఆశిష్ ఫోను టింగుమంది.

మెషిన్ పొట్టలోని చెత్తబుట్ట బయటికి తీయమని మంగవ్వనే దించారు. నీళ్లలో బుట్ట ఆమె చేతిలో ఉంది. సేటు ఫోను చూస్తున్నాడు, రఘునందన్ చెమట తుడుచుకుంటున్నాడు. ఒక పిడికెడు, రెండు పిడికిళ్లు నీళ్లలోకి వదిలేస్తే అడిగేవాడు లేడు. వదిలేస్తే ఈ మెషిన్ పోతుంది, తెల్లవారుజాము నీళ్లు తనకు మిగులుతాయి. ఆమె వేళ్లు బుట్ట మూత మీదికి పోయాయి కూడా. కానీ పద్దెనిమిదేళ్లలో ఎవరి సరుకూ ఒక్క కొమ్ము తగ్గించని చెయ్యి అది, మొరాయించింది. తన చేతిని తానే తిట్టుకుంటూ బుట్ట తెచ్చి కాంటా మీద పెట్టింది. నీళ్ల అడుగును ఒకసారి తేరిపార చూసింది. ఒక్క ముక్క లేదు.

కాంటా రెండు కిలోల మూడు వందల యాభై చూపించింది.

రఘునందన్ ఎగిరి గంతేయబోయాడు. "చూడున్రి సార్, ఏసినదానికంటే ఎక్కువ తెచ్చింది."

సేటు ముఖంలో మార్కెట్ యార్డు ముఖం వచ్చి కూర్చుంది. "గట్లెట్లయితది? తడి సరుకు. తేమ తరుగు రెండొందల యాభై తీయి. బుట్టకంటిన మన్నుకు వంద. ఇగ శాంపిల్ తరుగు యాభై."

"శాంపిల్ ఏంది సార్? ఎవరికి శాంపిల్?"

"ఎవరికో ఒకరికి. తరుగు తరుగే, తియ్యకుంట కాంట ముగియది. మొత్తం నాలుగొందలు పోతది. ఒకటి తొమ్మిదొందల యాభై." సేటు వేలెత్తాడు. "యాభై గ్రాములు తక్కువొచ్చింది. ఏసింది రెండు కిలోలు. ఏది నా యాభై గ్రాములు?"

రైతుల దగ్గర నలభై ఏళ్లు తీసిన తరుగు ఆయనకు ఊపిరి తీసినంత అలవాటు. ఆ తరుగు తానే తీశానన్న సంగతి మరుక్షణమే మరిచిపోవడం కూడా అంతే అలవాటు. మొదట ధర తగ్గించుకోవడానికి అన్నమాటే గానీ, రెండోసారి అనేసరికి ఆయనే నమ్మేశాడు. ఆ యాభై గ్రాముల పసుపు నిజంగానే ఎక్కడో నీళ్లడుగున పడి ఉందని కళ్లద్దాలు సవరించుకుని వెతకసాగాడు. రఘునందన్ ధర తగ్గించాడు. ఇంకొంత తగ్గించాడు. బేరం కుదిరింది. సేటు చూపు మాత్రం నీళ్లలోంచి రాలేదు.

జ్యోతిలక్ష్మి మంగవ్వకు ఛాయ్ గ్లాసు అందించింది. మంచి మనసుతోనే అంది, "ఇగ నీకు ఆ సల్లటి నీళ్లల్ల దిగే బాధ తప్పింది మంగవ్వా. జీతం గదే ఇస్తం. పొద్దుగాల వచ్చి గట్టు ఊడ్చిపో, సాలు."

మంగవ్వ గ్లాసు చేతిలోనే పట్టుకుంది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేనని తెలుసు. "అమ్మా, మెషిన్ దాని పని అది చేస్కోని. నేను పొద్దుగాల జరసేపు దిగుత. మీరు లేవక ముందే వోత."

"పని లేకుంట ఎందుకు దిగుడు?"

"ఈదనీకె."

గట్టు మీద అందరూ ఆమె వైపు చూశారు. ఆశిష్ నవ్వాపుకున్నాడు. జ్యోతిలక్ష్మి ముఖం చిన్నబోయింది. "గదేంది మంగవ్వా. పనికి దిగుడు వేరు, సోకుకు దిగుడు వేరు. పనికైతే రోజంత ఉండు, ఎవ్వరేమన్నరు. ఊకెనే ఈదుతున్నవంటే మంది మమ్ముల ఏమనుకుంటరు?"

నాలుగేళ్లుగా ఆ నీళ్లలో ఒక్కరూ ఈదని ఇల్లది. మెషిన్ రోజంతా అందులో ఈదొచ్చు. అది పని. మంగవ్వ పనిమనిషిగా పీకల్లోతు మునగొచ్చు. అదీ పనే. అదే మనిషి అవే నీళ్లలో సంతోషంగా చేతులాడిస్తే మాత్రం పరువు పోతుంది.  మంగవ్వకు ఏడుపొచ్చింది. అప్పుడే సేటు గొణుగుడు చెవిన పడింది.

"యాభై గ్రాములు యాడికి వోతది? మాయమైతదా?"

మంగవ్వ గ్లాసు కింద పెట్టింది.

"మెట్ల కింద మూలకున్నది సేటు."

"సూసినవా?"

"సూసిన. సన్నగ సందులల్ల కూసున్నది. మెషిన్ మూతి ఆడికి పోదు. రోజు గట్లనే కూసుంటది, చేత్తోనే తియ్యాలె."

రఘునందన్ ఉలిక్కిపడి నోరు తెరిచాడు. తన మెషిన్ మెట్ల మూలను రెండుసార్లు తోమడం అతడు స్వయంగా చూశాడు. కానీ ఏం చెప్పగలడు? లేదంటే సేటు తరుగు మళ్లీ మొదటికి వస్తుంది, కుదిరిన బేరం చెడుతుంది. తెరిచిన నోరు అలాగే మూసుకుని బిల్లు రాయసాగాడు.

"ఎంతసేపు పడ్తది తియ్యనీకె?" సేటు అడిగాడు.

"గంట."

"గా మూలకు గంటనా?"

"రోజుకు గంట. దమ్ము పట్టి మునిగి తియ్యాలె సేటు. తరుగాయె, ఊకెనే దొరుకుతదా?"

తరుగు అన్న మాట వినగానే సేటు మనసు కుదుటపడింది. తలాడించాడు. "అయితే ఐదున్నరకే దిగు. మెషిన్‌ను ఏడింటికి ఇడుద్దాం."

ఏరే చేతితో ఎన్నడూ చేయని మోసం నోటితో చేసేసిందని ఆ రాత్రి మంగవ్వకు కొంచెం దిగులేసింది. నిద్ర మాత్రం బాగా పట్టింది.

మర్నాడు ఆరు గంటలకు జ్యోతిలక్ష్మికి ఎందుకో మెలకువ వచ్చి మేడ మీది వరండాలోకి వచ్చింది. కింద నీళ్ల నడుమ, మెట్లకు ఆమడ దూరంలో, మంగవ్వ వెల్లకిలా తేలుతోంది. చేతులు చాచి, కళ్లు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చుకుంటోంది.

"మంగవ్వా, ఏం చేస్తున్నవే?"

మంగవ్వ కళ్లు తెరవలేదు.

"పని చేస్తున్ననమ్మా."