రెండు దోవల పాట

సంగటి కెలికేటప్పుడు తెడ్డు ఆపకూడదు. ఆపితే గడ్డలు కడుతుంది. ఇంటికి నిప్పంటుకున్నా సరే, పొయ్యి మీద సంగటి ఉంటే కదలొద్దని అత్త స్టెల్లాకు పెళ్ళయిన కొత్తలోనే నేర్పింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చిన స్టెల్లా చీరైనా మార్చకుండా పొయ్యి ముందు నిలబడింది. ముందు గదిలో భర్త దయానంద్ గిటారు ఒళ్ళో పెట్టుకుని, పాత స్నేహితుడు ప్రతాప్‌తో కబుర్లలో పడ్డాడు. పెళ్ళికి ముందు ముగ్గురిదీ ఒకే ఆర్కెస్ట్రా. దయానంద్ గిటారు, ప్రతాప్ డ్రమ్స్, స్టెల్లా పాట. వాళ్ళకు పేరు తెచ్చింది ఒక ఇంగ్లీషు రాక్ పాట. వయసు మళ్ళినవాడొకడు వెనక్కి తిరిగి చూసుకుని, దోవ రెండుగా చీలినచోట తాను వదిలేసిన దాన్ని తలుచుకుని కుమిలే పాట.

దాని అర్థం చెప్పడం దయానంద్‌కు ఒక వ్యసనం. ఇంటికి ఎవరొచ్చినా అటక మీంచి గిటారు దింపి, నాలుగు తీగలు మీటి, గొంతు బరువు చేసుకుని మొదలుపెడతాడు. సంగీతం ఒక దోవ, సంసారం ఒక దోవ. పెళ్ళాం బిడ్డల కోసం గిటారును అటకెక్కించిన త్యాగమూర్తి తను. వినేవాళ్ళు అయ్యో పాపం అంటారు. స్టెల్లా వాళ్ళకు కాఫీ ఇచ్చి, తాగిన గ్లాసులు తీసుకుపోతుంది.

గిటారుకైనా అటక దొరికింది. ఆమె పాటకు ఆ చోటు కూడా దక్కలేదు. స్టేజీ ఎక్కే కోడలు మా వంశంలో లేదని అత్త అంటే దయానంద్ నేల చూశాడు. తర్వాత బిడ్డకు జోల పాడుతుంటే టీవీ వినబడలేదని విసుక్కున్నాడు. వంటింట్లో కూనిరాగం తీస్తే పక్కింటోళ్ళు వింటారన్నాడు. తగ్గించి తగ్గించి, చివరికి చర్చిలో కూడా పెదవులు మాత్రమే కదిపే మనిషైంది.

ముందు గదిలో ప్రతాప్ అసలు సంగతికి వచ్చాడు. తిరుపతిలో పాత ఆర్కెస్ట్రాలన్నీ కలిసి కచేరీ పెడుతున్నాయి. సాయంత్రమే రిహార్సల్. ఆ పాట మళ్ళీ వేయాలంటే స్టెల్లా గొంతు కావాలి.

"దానికి గొంతు యాడుందప్పా," దయానంద్ నవ్వాడు. "పోయి శానా కాలమాయ. వేరే పిల్లను సూస్తాంలే."

తెడ్డు ఆగింది.

ఆ పాటలోని మనిషి మీద ఆమెకు మొదటిసారి ఒళ్ళు మండింది. రెండు దోవలూ కళ్ళారా చూసి, ఒకటి ఏరుకుని, రెండోదానికోసం ఏడ్చే యోగం వాడిది. తననెవరూ ఆ దోవ చీలేచోట నిలబెట్టనే లేదు. నిద్రపోతున్నదాన్ని బండిలో వేసుకుపోయినట్టు తీసుకుపోయారు.

ఆమె తెడ్డుతోనే ముందు గదిలోకి వచ్చింది.

"నా గొంతు యాడికీ పోలేదు ప్రతాపన్నా. ఈయన టీవీకి అడ్డమొస్తాదని అణుచుకుంటి. రిహార్సల్‌కు నేనొస్తాను."

ప్రతాప్ తలొంచుకుని, ఇప్పుడొచ్చే బస్సుకు బయలుదేరితే అందుకోవచ్చన్నాడు. దయానంద్ మొహం ఎర్రబడింది.

"సంగటి పొయ్యి మీదుండాది గదా. దాన్నెవురు సూస్తారు?"

స్టెల్లా అతని ఒళ్ళోంచి గిటారు తీసి ప్రతాప్‌కిచ్చింది. సంగటి అంటుకున్న తెడ్డు భర్త చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

"ఆపకుండా కెలకండి," అంది. "పాటకు అర్థం నేనొచ్చి చెప్తాను."