ధర్మకేసులో వంతు

బందరు రాబర్ట్‌సన్‌పేటలో శేషగిరిరావుగారి ఆఫీసంటే ఆ రోజుల్లో జిల్లా అంతటికీ తెలుసు. ఆరుగురు ప్లీడర్లు ఒకే కప్పు కింద పనిచేసేవారు. గుమాస్తాలం నలుగురం. గుడివాడ నుంచి పొద్దుటి రైల్లో దిగిన కక్షిదారులు మా వరండా బల్లల మీద కూర్చుని, పిలుపు వచ్చేదాకా తమ సరిహద్దు తగాదాలు ఒకరికొకరు చెప్పుకుంటూ ఉండేవారు.

శేషగిరిరావుగారి తండ్రి ఆ ఆఫీసు తెరిచినప్పుడే ఒక నియమం పెట్టారు. అందులో పనిచేసే ప్రతి ప్లీడరూ ఏడాదికి ఒక కేసు, దిక్కులేనివారి తరఫున ఊరికే వాదించాలి. దాన్ని మేము ధర్మకేసు అనేవాళ్ళం. ధర్మకేసులో కక్షిదారు దగ్గర అరటిపండు కూడా పుచ్చుకోకూడదు. స్టాంపులు సైతం ఆఫీసు ఖర్చే. నాకు ఆ నియమం ప్రాణం. రోజూ సంధ్య వార్చుకుని, సహస్రనామం చదువుకుని ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. మేము చేసే మిగతా పనిలో ధర్మం పాలెంతో స్వామికే తెలియాలి గాని, ఈ ఒక్క పని మాత్రం ఆయన లెక్కలో పడుతుందని నా నమ్మకం.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటేడు కార్తీకంలో చిట్టెమ్మ మా ఆఫీసుకి వచ్చింది. నాగాయలంక దిగువన సముద్రపొడ్డున ఉన్న పల్లె వాళ్ళది. చేపల వేట తప్ప మరొకటి ఎరగనివాళ్ళు. పల్లెకీ సముద్రానికీ నడుమ ఉన్న ఇసుక నేలను ధనరాజు అనే ఆసామి సర్కారు దగ్గర కౌలుకు తీసుకుని సరుగుడు తోట వేసి, చుట్టూ ముళ్ళకంచె కట్టించాడు. పడవల రేవుకి పోయే దారి ఆ కంచెలో పడిపోయింది. చిట్టెమ్మ మొగుడు అప్పయ్య ఒకనాడు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, చుట్టూ తిరిగే ఓపిక లేక కంచె నరికాడు. అడ్డం వచ్చిన కాపలావాడు కింద పడ్డాడు. కొట్టాడని కేసు పెట్టారు. జామీను నిలబడేవాళ్ళు లేక అప్పయ్య బందరు సబ్‌జైల్లో ఉన్నాడు.

అంతా విని శేషగిరిరావుగారు, "ఈ ఏటికి నా ధర్మకేసు ఇదే" అన్నారు.

చిట్టెమ్మ తాటాకు బుట్ట ఒకటి ముందుకు జరిపింది. లోపల ఎండుచేపలు.

"వద్దమ్మా. ఇక్కడ మీ దగ్గర ఏమీ పుచ్చుకోం. బుట్ట తీసుకుని వెళ్ళు."

ఆమె దణ్ణం పెట్టి బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె ముఖంలో సంతోషం కనిపించకపోవడం చూసి, పాపం భయపడుతోంది అనుకున్నాను.

కేసులో చిక్కేమీ లేదు. ఆ దారి తాతల నాటి నుంచీ ఉన్నదనీ, కాపలావాడు తనంతట తనే పడ్డాడనీ పల్లెవాళ్ళు నలుగురు వచ్చి చెబితే చాలు. చూసినవాళ్ళు ఉన్నారు. కాని విచారణ రోజున చిట్టెమ్మ తప్ప ఒక్కరూ రాలేదు. మేజిస్ట్రేటు క్రిస్మసు సెలవుల తర్వాతికి వాయిదా వేసి, "అప్పటికీ సాక్షులు రాకపోతే ఉన్నదాన్ని బట్టే తీర్పు చెబుతాను" అన్నాడు. ఉన్నదల్లా కాపలావాడి మాటే. అప్పయ్యకి ఖైదు తప్పదు.

కోర్టు వరండాలో శేషగిరిరావుగారు చిట్టెమ్మని నిలేశారు. "మీవాళ్ళేరమ్మా?"

"రామన్నారండి."

"ఎందుకని?"

"సెప్తే మీకు కోపం వత్తదండి."

"రాదులే, చెప్పు."

"ఊరికే వాదించే ప్లీడరు ఎక్కడన్నా ఉంటాడా అంటన్నారండి. మన కాడ పుచ్చుకోలేదంటే ఆ ధనరాజు కాడ పుచ్చుకునుంటాడు, మనందర్నీ కోర్టుకి రప్పించి పేర్లు రాయించి లోపలేయిత్తాడు అంటన్నారు."

పక్కనే ఉన్న వెంకటసుబ్రహ్మణ్యం మా ఆఫీసులో కొత్తగా చేరిన చిన్న ప్లీడరు. అతను నవ్వలేక నవ్వాడు. "బాగుంది. ధర్మానికి పోతే దొంగలమయ్యాం."

శేషగిరిరావుగారు అతనివైపు చూడలేదు. "నువ్వేమనుకుంటున్నావమ్మా?" అని ఆమెనే అడిగారు.

"నా పెనిమిటి లోపలున్నాడు. నేను మిమ్మల్ని నమ్మక ఏం చేత్తానండి? ఆళ్ళకా అగత్యం లేదు గదా. మా కాడ పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసినోడికల్లా వంతుంటదండి. దారిన పోయేవోడు చెయ్యేసినా సరే. వంతు పుచ్చుకున్నోడు మజ్జలో తాడొదలకూడదు. వంతొద్దన్నోడు ఎప్పుడొదిలేత్తాడో ఎవరికి తెలుసండి? మీరు బుట్ట ఎనక్కంపారని ఊళ్ళో నేనే సెప్పాను. మంచోరని సెబుదామనే సెప్పాను."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడ రమాదేవితో ఈ సంగతి చెప్పాను. ఇంత మేలు చేస్తుంటే ఈ అనుమానమేమిటని విసుక్కున్నాను.

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఎదురింటి వసుంధరగారు మనకి ఎప్పుడైనా కూర పంపితే గిన్నె ఉత్తది తిరిగిస్తామా?" అంది.

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం లేదులెండి. ఆవిడ ఎప్పుడూ పంపుతూ, మనం పంపింది మాత్రం వద్దంటే, ఆ గడప మళ్ళీ తొక్కబుద్ధవుతుందా అని."

మర్నాడు పూజలో బెల్లంముక్క నివేదన పెడుతూ ఆగిపోయాను. ఏ లోటూ లేని స్వామికి నేను పెట్టే బెల్లంముక్క ఎందుకు? ఆయన వద్దంటే నేనేమైపోతాను? ఆ ప్రశ్న రోజంతా నన్ను వదల్లేదు.

సెలవులివ్వగానే శేషగిరిరావుగారు నాతో, "వేంకటేశ్వర్లూ, ఆ దారి మనం కళ్ళతో చూడాలి. బయల్దేరు" అన్నారు. ఉల్లిపాలెం రేవులో ఏరు దాటి, అవనిగడ్డ మీదుగా ఎడ్లబండిలో నాగాయలంక చేరి, అక్కడి నుంచి పడవలో కాలవ వెంట దిగి, పొద్దెక్కేసరికి పల్లెకి చేరాం. చిట్టెమ్మ కంచె చూపించింది. కంచెకి అవతల, దారి ఉండిన చోట, ఇసుక ఇంకా గట్టిగానే ఉంది. ఎన్ని తరాల కాళ్ళు తొక్కాయో.

పల్లె పెద్ద వెంకటస్వామి తెల్లమీసాల మనిషి. మర్యాదకేం లోటు చేయలేదు. నులకమంచం వేయించాడు, కొబ్బరిబోండాలు కొట్టించాడు. సాక్ష్యం మాట ఎత్తితే మాత్రం, "సూద్దారండి" అన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట.

ఇంతలో ఒడ్డున కేకలు వినిపించాయి. పెద్దవల ఒడ్డుకి వస్తోంది. రెండు తాళ్ళ వెంటా ఆడా మగా బారులు తీరి, వెనక్కి వాలి లాగుతున్నారు. మంచం మీది నుంచి శేషగిరిరావుగారు లేచారు. కోటు విప్పి నా చేతికిచ్చారు. పంచె పైకి కట్టి, వెళ్ళి ఒక తాడు చివర పట్టుకున్నారు.

లాగుతున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. తర్వాత భాగ్యమ్మ అనే ముసలామె అంది: "ప్లీడరుగారూ, అది కాయితం కాదండి. గట్టిగా పట్టండి."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

"మడమలు ఇసకలో దిగెయ్యండి బాబూ. లేకపోతే సముద్రమే మిమ్మల్ని లాక్కుపోద్ది" అన్నారెవరో.

"పోతే పోనీ, కోర్టులు మూసే ఉన్నాయి" అన్నారాయన రొప్పుతూ.

యాభై దాటిన మనిషి. వల పూర్తిగా ఒడ్డెక్కేదాకా తాడు వదల్లేదు. నేను ఆయన కోటూ, నా చెప్పులూ పట్టుకుని నిలబడి ఉన్నాను.

చేపల్ని కుప్పలు పోశారు. పడవకింత, వలకింత, లాగినవాళ్ళకింత. చివరికి వెంకటస్వామి ఒక కుప్పని చేత్తో జరిపి శేషగిరిరావుగారి కాళ్ళ ముందు పెట్టాడు. పల్లె అంతా చూస్తోంది.

"ఇది నా వంతే కదా. చిట్టెమ్మకి ఇచ్చేస్తాను" అన్నారాయన.

వెంకటస్వామి తల అడ్డంగా ఊపాడు. "మాది మాకే తిరిగిత్తే పుచ్చుకున్నట్టు కాదు బాబూ. మీరు తినరని తెలుసు. మీ ఊళ్ళో ఎవరికి పెట్టుకున్నా మీ ఇష్టం. ఇక్కడి నుంచి మాత్రం మీ చేత్తో మీరు పట్టుకెళ్ళాలి."

శేషగిరిరావుగారు నావైపు చూశారు. తండ్రి పెట్టిన నియమం ఒకటి, పుట్టిన కులం ఒకటి. ఆ చూపులో రెండూ కనిపించాయి నాకు. వద్దని సైగ చేద్దామనే అనుకున్నాను. బెల్లంముక్క గుర్తుకొచ్చి చెయ్యి లేవలేదు.

ఆయన భుజం మీది జరీ కండువా తీసి ఇసుక మీద పరిచారు. తాడుకి ఒరుసుకుని ఎర్రబడిన చేతులతో చేపలు ఒక్కొక్కటే తీసి అందులో వేసుకున్నారు.

"బాబూ, పచ్చివి మీ ఊరు చేరేలోపు పాడైపోతాయి" అన్నాడు వెంకటస్వామి. "ఆటికి బదులు ఎండువి కట్టిత్తాను. వాయిదా ఎప్పుడన్నారూ?"

తిరుగు ప్రయాణం గురించి చెప్పకపోవడమే మంచిది. ఎండుచేపల మూటతో ఒకే బండిలో ఇద్దరం. ఏట్లో పడవ దాటుతుంటే ఒక పురోహితుడు మమ్మల్నీ మూటనీ మార్చి మార్చి చూసి, పడవ రెండో చివరికి వెళ్ళి కూర్చున్నాడు. మా ఆఫీసు చేరేసరికి గుడివాడ ఆసామి ఒకాయన వరండాలో ఉన్నాడు. ముక్కు మూసుకుని, "ఏమిటండీ ఈ వాసన?" అన్నాడు.

"నా సంపాదనండి" అన్నారు శేషగిరిరావుగారు. మూట జట్కా తోలే మస్తానుకి ఇచ్చేశారు. అతను పండగ చేసుకున్నాడు.

వెంకటసుబ్రహ్మణ్యానికి మాత్రం ఇది మింగుడుపడలేదు. "నియమం తప్పామేమోనండీ" అన్నాడు మెల్లగా.

"నాన్నగారు వద్దన్నది మనకి ఆశ పుట్టకూడదని. వాళ్ళకి అనుమానం పుట్టాలని కాదు" అన్నారాయన. "నాన్నగారుంటే ఒప్పుకునేవారో లేదో నాకూ తెలీదయ్యా" అని కూడా అన్నారు.

విచారణ రోజు పొద్దున గిలకలదిండి రేవులో రెండు పడవలు ఆగాయి. నేను కోర్టుకి వెళ్ళేసరికి వరండా నిండా పల్లెవాళ్ళే. భాగ్యమ్మ కూడా వచ్చింది. ఉతికిన చీరె కట్టుకుని, ఎవరి మాటా వినకుండా మెట్ల మీద కూర్చుంది.

వెంకటస్వామి బోనెక్కి దారి గురించి చెప్పాడు. తన తాత శవాన్ని కూడా ఆ దారినే ఒడ్డుకి మోశామని చెప్పాడు. కాపలావాడు కంచెలో పంచె తగులుకుని పడ్డాడని చెప్పాడు. ధనరాజు తరఫు ప్లీడరు లేచాడు.

"ఈ ప్లీడరుగారికి ఫీజెంత ఇచ్చారు?"

"ఫీజు లేదండి. వంతు ఇచ్చాం."

తగాదాలో ఉన్న సొత్తులో ప్లీడరు వాటా మాట్లాడుకోవడం పెద్ద నేరం, వాదించే పట్టాయే పోతుంది. అవతలి ప్లీడరు ముఖం వెలిగిపోయింది. "వంతా? దేంట్లో వంతు? ఆ నేలలోనా?"

"నేలలో ఎందుకుంటదండి? చేపల్లో. ఆ రోజు మాతో తాడు లాగారుగా."

మేజిస్ట్రేటు కలం కింద పెట్టి శేషగిరిరావుగారివైపు చూశాడు. ఆయన లేచి, "నిజమేనండి. ఒక కండువాలో పట్టినన్ని" అన్నారు. అరచేతులు చూపించారు. మచ్చలు ఇంకా పోలేదు.

"మరి ఇంట్లోకి రానిచ్చారా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"మూటని రానివ్వలేదండి. నన్ను రానిచ్చారు."

కోర్టంతా నవ్వింది. అవతలి ప్లీడరు కూర్చున్నాడు. తర్వాత వచ్చిన సాక్షులు ఒకరి వెనక ఒకరు, తడబడకుండా చెప్పారు. భాగ్యమ్మ అయితే అడగనివి కూడా చెప్పింది.

మర్నాడు తీర్పు. దారి పాతదే. అది తమదని నమ్మి కంచె తీసినవాడిది నేరం కాదు. కొట్టినట్టు రుజువు లేదు. అప్పయ్యని వదిలేశారు. కంచె ఉండాలా పోవాలా అన్నది సివిలు కోర్టులో తేల్చుకోమన్నారు.

అప్పయ్య మెట్లు దిగి వచ్చాడు. చిట్టెమ్మ అతన్ని పైనుంచి కిందకి చూసింది. "తిన్నావా లేదా అక్కడ? ఈ ముఖమేంటి?" అంది. అతను ఏదో గొణిగాడు. "సరే, నడు. ఆటు తప్పితే పడవ కదల్దు" అని ముందు నడిచింది. నాలుగడుగులు వేశాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కంచె మీద సివిలు దావా వేయాలంటే ముందు దారి కొలిచి పటం గీయాలి. "నేను వెళ్తానండి" అన్నాడు వెంకటసుబ్రహ్మణ్యం. ఎవరూ అడగలేదు. శేషగిరిరావుగారు కొలత గొలుసు ఇప్పించమని నాకు చెప్పారు. గొలుసు మోసుకుంటూ నేనూ రేవు దాకా వెళ్ళాను.

అతను ఏనాడూ సముద్రం మీదికి వెళ్ళినవాడు కాదు. గొలుసు ఒళ్ళో పెట్టుకుని, గొడుగు రెండు చేతులా పట్టుకుని పడవ నడుమ బిగుసుకుని కూర్చున్నాడు.

"గొడుగు మూసెయ్యండి బాబూ, గాలికి మీరెగిరిపోతే మా కేసేమైపోద్ది?" అంది భాగ్యమ్మ.

అతను గొడుగు మూశాడు. అప్పయ్య తెరచాప తాడు విప్పాడు. చిట్టెమ్మ పల్లె ఉన్నవైపు ముఖం తిప్పి కూర్చుంది. పడవ కాలవ నోరు దాటి నీలం నీళ్ళలోకి మళ్ళేదాకా చూసి, నేను ఆఫీసుకి వెనుదిరిగాను. ఆ దావాకి కాగితాలు తయారు చేయాల్సి ఉంది.