కుడి భుజం మీద పైట

నేను ఒక చీరను. అలా అనగానే మీరు చెయ్యి చాపి, నూలో పట్టో నలిపి చూద్దామనుకుంటారు. ఆగండి. నాలో ఒక్క పోగు కూడా లేదు. నన్ను ఏ మగ్గమూ నేయలేదు, ఏ చాకిరేవులోనూ ఉతకలేదు. విశాఖపట్నంలో ఋషికొండ దగ్గర ఒక ఆటల కంపెనీ ఉంది. అక్కడ కంప్యూటరు తెర మీద పుట్టాను. ‘ఏడు కోటలు’ అనే ఆన్‌లైన్ ఆటలో ఈటె పట్టుకుని తిరిగే పైడి అనే అమ్మాయి కట్టుకునే చీర నేనే. పుట్టిన రోజు నుంచీ నాకు కుదురన్నది లేదు. పైడి పరిగెత్తితే ఎగరాలి, దూకితే ఎగరాలి. ఏమీ చెయ్యకుండా ఊరికే నిలబడినా సరే, ఎక్కడా లేని గాలిని తెచ్చి నన్ను ఊపుతూనే ఉంటారు. చీర ఊపిరాడకుండా కదులుతుంటేనే మనుషులకు అది బతికున్నట్టు లెక్క.

నాకంటే ముందు పైడికి ఉన్న వేషం గురించి చెప్పాలంటే నాకే సిగ్గేస్తుంది. పైన రెండు ఇత్తడి చిప్పలు, నడుముకో గొలుసు, అంతే! ఆ అమ్మాయి యుద్ధానికి వెళ్తోందో సముద్ర స్నానానికి వెళ్తోందో ఎవరికీ తెలిసేది కాదు. పక్కనే నిలబడే మగ యోధుడికి మాత్రం మెడ నుంచి మడమ దాకా ఇనుము. ఆట ఆడే ఆడపిల్లలు అభిప్రాయాల పెట్టెలో రాసి రాసి అలిసిపోయారు. ‘అయ్యా, బాణం వచ్చి బొడ్డులో దిగితే ఆ గొలుసు ఏం ఆపుతుంది?’ అని ఒకమ్మాయి సూటిగా అడిగింది. మూడేళ్ళు ఎవరూ పలకలేదు. చివరికి ఆ ప్రశ్న ఊరంతా తిరిగి కంపెనీ నవ్వులపాలయ్యాక పెద్దలకు మెలకువ వచ్చింది.

పైడికి కొత్త వేషం గీసే పని ఇందుమతి చేతికి వచ్చింది. పాలకొండ దగ్గర పల్లెటూరి పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళది. కంపెనీలో చేరి నాలుగేళ్ళయినా అప్పటిదాకా ఆమె గీసినవి కుండలు, తలుపులు, మోకుతాళ్ళు. మనుషుల జోలికి రానిచ్చేవారు కాదు. బొమ్మల విభాగానికి పెద్ద ఫణీంద్ర ఆమెను పిలిచి సంగతి చెప్పాడు.

“చూడు ఇందుమతీ, విడుదలయ్యాక నెల రోజులు గడువు. ఆడేవాళ్ళు ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తే ఇకమీద ఆడ పాత్రల వేషాలన్నీ నీవే. ఇవ్వకపోతే ఆ వేషం తీసేస్తాం, నువ్వు మళ్ళీ నీ కుండల దగ్గరికే. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు.”

“సరేనండి” అంది ఇందుమతి.  

మధురవాడలో ఆమె ఉండే ఫ్లాటులో అమ్మమ్మ తవిటమ్మ కూడా ఉంటుంది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. విశాఖ వచ్చాక నైటీ మీద తుండుగుడ్డ వేసుకుని తిరుగుతోంది కానీ, ఒకప్పుడు వరి ఉడుపుల్లో ఆవిడ నాటుతూ పోతే మిగతా ఆడవాళ్ళు అందుకోలేకపోయేవారట. కష్టం చేసే ఆడది చీర ఎలా కట్టేదో చూపించమని మనవరాలు అడిగేసరికి ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

“ఓలమ్మ, ఇన్నాల్టికి అడిగినావే గుంటా! ఆ ఫోను ఎదరెట్టు. నన్ను నాకు కనిపించేటట్టు ఎట్టు. కుచ్చెళ్ళు సరిగ్గొచ్చినాయో లేదో సూసుకోవాల” అంది.

అలా సెల్ఫీ కెమెరా ఎదుట నిలబడి, గోచీ పోసి, మోకాలికి కాస్త కిందికి బిగించి, పైటను భుజం మీదుగా లాగి నడుములో దోపింది. రెండు చేతులూ ఖాళీ! వంగినా లేచినా ఒక్క మడత జారదు. ఆ వీడియో చూసి ఇందుమతి నన్ను చేసింది. సాధారణంగా ఈ పనివాళ్ళు మనిషిలో సగం మాత్రమే గీస్తారు, మిగతా సగాన్ని కంప్యూటరు అద్దంలోలాగా తిప్పి అతికిస్తుంది. పైట ఉన్న ఒంటికి ఆ తేలిక దారి కుదరదు కదా. అందుకని రెండు పక్కలా విడివిడిగా, మడత మడతా కూర్చుని గీసింది. ‘ఇంత ఆలస్యమా’ అని ఫణీంద్ర రోజూ వచ్చి విసుక్కున్నాడు. అయినా పాపం, అందరిలోకీ నేను బాగున్నానని మొదట అన్నది ఆయనే.

విడుదలైన నాడు నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. లక్షమంది కట్టుకున్నారు! తీరా చూస్తే నన్ను కట్టుకున్నవాళ్ళలో నూటికి ఎనభై మంది మీసాలున్న మగవాళ్ళు. లుంగీ పైకి మడిచి మంచం మీద పడుకుని, నన్ను కట్టుకున్న పైడిని ఊరేగిస్తుంటారు. పైగా నా అంచు గురించి, నా మర్యాద గురించి తీర్పులు చెప్పేది కూడా వాళ్ళే. ‘మొత్తం కప్పేశారు, ఆట చచ్చిపోయింది’ అని ఒకడు. ‘పిక్కలు కనిపిస్తున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు’ అని ఇంకొకడు. ఈ రెండోవాడే మూడేళ్ళపాటు ఆ ఇత్తడి చిప్పల పైడితో ఆడాడని ఆట రికార్డుల్లో ఉంది!

ఇక నా అవస్థ మొదలైంది. ఆటలో మార్పులు చేసేది శుక్రవారాలే; ఆ రోజు వచ్చిందంటే నాకు భయం. ఒక శుక్రవారం నా అంచును చీలమండ దాకా దించారు, పైడి పరిగెత్తలేక బోర్లా పడింది. ఆ మర్నాటి తిట్లకు మళ్ళీ పైకి లాగారు. రవికె చేతులు ఒకసారి మోచేతికి, ఒకసారి మణికట్టుకి. రంగు కూడా మూడుసార్లు మారింది. పొద్దున నేనెలా ఉన్నానో సాయంత్రం నాకే గుర్తుండేది కాదు. ఇందుమతి అభిప్రాయాల పెట్టె తెరిచి, అన్నం కూడా సరిగ్గా తినకుండా, గోళ్ళు కొరుక్కుంటూ చదివేది. ఎవరు ఏమన్నా నిజమేనేమో అనిపించేది ఆమెకు. స్టార్లు మూడు దగ్గర ఊగుతున్నాయి.

మూడో వారంలో అసలు దెబ్బ తగిలింది. ఎవడో నా బొమ్మ మీద ఎర్ర సున్నా చుట్టి పెట్టాడు: ‘పైట కుడి భుజం మీద ఉంది. చీర కట్టడం తెలియనివాళ్ళు చీర గీస్తే ఇలాగే ఉంటుంది.’ అంతే! పుట్ట పగిలినట్టు వచ్చిపడ్డారు. వేలకొద్దీ వెక్కిరింపులు. మన సంప్రదాయం మంటగలిసిందని కొందరు. చెల్లెలికి జడ కూడా వెయ్యడం రానివాళ్ళు పైట గురించి పాఠాలు చెప్పారు.

ఫణీంద్ర వీడియో చూసి నుదురు కొట్టుకున్నాడు. “సెల్ఫీ కెమెరాతో తీశావు కదూ? అది అద్దంలాగా కుడిని ఎడమ చేసి చూపిస్తుంది. మీ అమ్మమ్మ ఎడమ భుజం మీదే వేసుకుంది, నీకు కుడిగా కనిపించింది. ఇంత చిన్న సంగతి చూసుకోవద్దా ఇందుమతీ?”

ఇందుమతి ముఖం కందిపోయింది. వాళ్ళమ్మ వేసుకునేది ఎడమ పైట, తను వేసుకునేది ఎడమ పైట, ఆఫీసులో పండగకి చీరలు కట్టిన ఆడవాళ్ళందరిదీ ఎడమ పైటే. కాబట్టి తప్పు తనదే అనుకుంది. ఇంటికెళ్ళి తవిటమ్మను ఒక్క మాట అడుగుదామని ఆమెకు తట్టనేలేదు. చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే అది. ఇంట్లో ఉన్న మనిషిని వదిలేసి తెరను నమ్ముతారు. ఆ మధ్యాహ్నమే క్షమాపణ రాసి, కూర్చుని నన్ను ఎడమకు తిప్పేసింది.

తిట్లు టక్కున ఆగాయి. స్టార్లు మెల్లగా మూడున్నర దాటాయి. ఫణీంద్ర టీ తెప్పించాడు. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం ఎవరిదో ఒళ్ళు తొడుక్కున్నట్టుంది. చెప్పుకుందామంటే నాకు నోరు లేదు.

నాకు లేని నోరు ఒక కండక్టరమ్మకు ఉంది. పేరు సింహాచలం. మా వైపు ఆడవాళ్ళకూ ఆ పేరు ఉంటుంది. బస్సు దిగాక డిపోలో కూర్చుని ఆడుకునేదట. పొగడ్తల కింద ఎక్కడో అడుగున ఆమె ఇలా రాసింది:

‘మేడం గారూ, పైట ఎందుకు తిప్పీసినారు? మాయమ్మ ఇలగే కుడేపు ఏసుకునీది. అమ్మ పోయి ఆరేళ్ళయినాది. ఒక్క ఫోటో కూడా లేదు. పైడిని నడిపిస్తే మాయమ్మ గట్టు మీద నడిసినట్టే ఉండీది. ఇప్పుడెవరో కొత్త మనిషిలాగున్నాది. వీలైతే సూడండి.’

ఇందుమతి అది మూడుసార్లు చదివింది. తర్వాత లాప్‌టాప్ సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేసింది. తవిటమ్మ బీరకాయ చెక్కు తీస్తోంది. నన్ను ఆవిడ ముఖానికి ఎదురుగా పెట్టింది మనవరాలు.

తవిటమ్మ కళ్ళు చికిలించి చూసింది. “ఎవుర్తే ఇది? మీ యమ్మా?”

“కాదమ్మమ్మా, నువ్వే. నీ కట్టే.”

“నా కట్టా? నీ మొకం! మాది కుడి పైట గదే. మాయమ్మది కుడే, మాయత్తది కుడే. మీ యమ్మ బళ్ళో సదువుకునేటప్పుడు టీచరమ్మ నవ్వినాదని ఎడంపక్కకి తిప్పీసినాది. ఆ దినం నాను అన్నం తిన్లేదు.” మళ్ళీ నా వైపు చూసింది. “నువ్వూ తిప్పీసినావేటే గుంటా?”

ఇందుమతికి ఏడుపు వచ్చేసింది. ఫోను తీసి ఆ వీడియో మళ్ళీ పెట్టింది. తవిటమ్మ వెనక గోడకు ఎరువుల కొట్టు వాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. దాని మీద అక్షరాలు చక్కగా, తిన్నగా చదవడానికి వస్తున్నాయి. ఫోను తెర మీద అద్దంలాగా చూపించినా, వీడియో దాచేటప్పుడు ఉన్నదున్నట్టే దాచింది. క్యాలెండరు తిరగబడలేదంటే పైట కూడా తిరగబడలేదు. ఇన్నాళ్ళూ ఆ అక్షరాలు అక్కడే ఉన్నాయి. వేలమంది నా భుజం మీద పోట్లాడుకున్నారు కానీ, ఆ గోడ వైపు ఒక్కరూ చూడలేదు. నన్ను చేసిన పిల్ల కూడా చూడలేదు.

మర్నాడు ఆ క్యాలెండరు కనిపించే వీడియో ఫణీంద్ర ముందు పెట్టింది. ఆయన చెడ్డవాడేం కాదు. చూసి, చెవి గోక్కుని, “నాదే పొరపాటమ్మా” అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, “కానీ గడువు ఇంకా ఐదు రోజులే. మూడున్నర దాటేశాం. ఇప్పుడెందుకు కదిలించడం?” అన్నాడు.

“తప్పని తెలిశాక కూడా అలాగే ఉంచమంటారా?”

“తప్పొప్పుల సంగతి కాదు ఇందుమతీ, స్టార్ల సంగతి. నువ్వు నాలుగేళ్ళు ఎదురుచూశావు. కావాలంటే పని పర్మనెంటయ్యాక తిప్పుకో.”

ఆమె కుర్చీలో కూర్చుని చాలాసేపు నన్ను చూసింది. ఆ చూపుకి నేను హడలిపోయాను, నిజం చెప్తున్నా. తిప్పితే నా ప్రాణం పోతుంది, తిప్పకపోతే నా ఒళ్ళు పోతుంది. మౌసు చేతిలోకి తీసుకుంది. 

“నలుగురూ నవ్వుతారని మా అమ్మ తిప్పేసుకుందండి” అంది. “నేనూ అలాగే ఉంచెయ్యలేను. నేను కుండలే గీసుకుంటాను లెండి.”

కుడికి తిప్పింది. నా కింద రెండు ముక్కలు రాసింది: ‘తవిటమ్మ కట్టు. ఇది కుడి పైటే. మా ఊళ్ళలో ఇలాగే వేసుకునేవారు.’

ఆ ముక్కలు ఎంతమంది చదివారో నాకు తెలియదు. ఎర్ర సున్నాలు మాత్రం తిరిగి వచ్చాయి. ‘చెప్పినా బుద్ధి రాలేదు’ అన్నారు. గడువు నాటికి మూడు పాయింట్ ఒకటి. మాట ప్రకారం నన్ను తీసేశారు. అప్పటికే కట్టుకున్నవాళ్ళ దగ్గర ఉండనిచ్చారు, కొత్తవాళ్ళకు ఇక దొరకను. పైడికి ఇప్పుడు మెడ దాకా బొత్తాలున్న పొడుగు కోటు తొడిగారు. అది ఎవరికీ నచ్చలేదు, ఎవరికీ కోపమూ రాలేదు. అందుకని దానికి నాలుగు స్టార్లు.

నన్ను కట్టుకున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే కోటుకు మారిపోయారు. లక్షమంది కాస్తా వెయ్యి, వంద, పది అయ్యారు. ఇప్పుడు రోజూ నన్ను కట్టుకునేది సింహాచలం ఒక్కతే. బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని వస్తుంది.

ఇందుమతి మళ్ళీ కుండలు గీస్తోంది. కొత్తగా వచ్చిన ఆరో కోట కింద ఒక పల్లె ఉంది, పల్లెలో ఒక నుయ్యి. నూతి దగ్గర కుండలు గీయమన్నారు. కుండలన్నాక మోసేవాళ్ళు ఉండాలి కదా అని ఆమే నీళ్ళు తోడే ఆడవాళ్ళను పన్నెండు మందిని గీసింది. వెనకెక్కడో, వేలెడంత బొమ్మలు. వాళ్ళకు పేర్లు లేవు, ఈటెలు లేవు, స్టార్లు లేవు. ఎవరూ వాళ్ళ గురించి ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు. తవిటమ్మకు మాత్రం తెర పెద్దది చేసి చూపించింది. ఆవిడ ఒక్కొక్కరినీ వేలితో తడిమి, “ఆ మూడోదానికి కుచ్చెళ్ళు వదులు. జారిపోతాది, బిగించు” అంది. బిగించింది.

ఆరు నెలలైంది. ఆ పన్నెండు మంది పైటల మీద ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు రాలేదు. మొన్నెప్పుడో సింహాచలం దారి తప్పి అటు వచ్చింది. ఈటె దించి అలాగే నిలబడిపోయింది. ఇప్పుడు యుద్ధం మానేసి రోజూ ముందు అక్కడికే తీసుకెళ్తుంది నన్ను. ఏమీ చెయ్యదు, వాళ్ళ మధ్యన నిలబడుతుంది, టీ తాగుతుంది. ఆ లేని గాలి ఎప్పటిలాగే వచ్చి మమ్మల్ని ఊపుతుంది. పదమూడు పైటలూ కుడి భుజాల మీదే ఎగురుతాయి.