లెఫ్ట్ బ్యాక్ బూటు

నితీశ్ ఎడమ బూటు సోలును ఎవరో వేళ్ల వంపు దగ్గర బ్లేడుతో అడ్డంగా కోసేశారు.

"ఇది పాతదై పగిలింది కాదు. కోసిన్రు," అన్నాడు ఉమేశ్. అతను జట్టు గోల్‌కీపర్, కెప్టెన్ కూడా. బూటును వంచితే తప్ప కోత కనబడదు. వేసుకుని నాలుగు అడుగులు పరిగెత్తితే మాత్రం సోలు నోరు తెరుస్తుంది.

నాందేడ్ లీగ్ ఫైనల్ ఇంకాసేపట్లో మొదలవుతుంది. జట్టులో చేరాక నితీశ్ ముందు వరుసలో ఆడాల్సిన మొదటి మ్యాచ్ ఇదే.

నిన్న ఉమేశ్ కొట్లాడి ఇప్పించిన అవకాశం అది. వానలో ప్రాక్టీసు అయ్యాక కోచ్ రామకిషన్ సార్ అందరి ముందూ నితీశ్‌ను కడిగేశాడు. సెమీఫైనల్లో పడ్డ గోల్స్ రెండూ నితీశ్ కాపలా కాయాల్సిన ఎడమ వైపు నుంచే వచ్చాయి.

"వాడి తప్పు కాదు సర్," అని ఉమేశ్ అడ్డుపడ్డాడు. "నేను ఎనక నిలబడి రోజూ చూస్తున్న. బంతి దొరికితే వాడి కాళ్లు ముందటికే పోతయ్. ఒక్కన్ని దాటుతడు, ఇంకొకన్ని దాటుతడు. ఎనక జాగ ఖాళీ అయితది. గోల్స్ తిన్నది నేను, నాకే కోపం లేదు. వాడు ఫార్వర్డ్ సర్. మనమే తప్పు జాగల నిలబెట్టినం."

సార్ ఈల తాడును వేలికి చుట్టి విప్పాడు. "ఠీక్ ఆహే, సరే. నితీశ్, రేపు ముందట ఆడు. దత్తు, మొదటి హాఫ్ నువ్వు బెంచి మీద కూసో."

దత్తు నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ పత్తి రైతు కొడుకు. జట్టుకు స్ట్రైకర్. పేపర్లో ఫొటో పడితే నడుమ ఉండేది అతనే. "మంచిదే సర్, నా మోకాలుకు ఆరాం," అని నవ్వాడు. తర్వాత నితీశ్ వైపు తిరిగాడు. "అరే, గోల్ అటు దిక్కుంటది, యాదుంచుకో. అలవాటుల మన దిక్కే కొడ్తవేమో."

అందరూ నవ్వారు. నితీశ్ కూడా.

ఇప్పుడు నవ్వడం లేదు. అతని పాదాలు పెద్దవి, బెంచి మీది మిగతా వాళ్ల బూట్లేవీ పట్టలేదు. దత్తు అక్కడ లేడు.

"అవతల టీం వాళ్ల పనే," అన్నాడు సార్. "ఇంక చేసేదేముంది? దత్తు ముందట ఆడ్తడు. అరే శుభం, ఎడమ దిక్కు లెఫ్ట్ బ్యాక్ నువ్వు."

నితీశ్ కిందికి చూస్తూ కుడి బూటులోంచి చెమ్మ కాగితం లాగాడు. అతను నాందేడ్ నడిబొడ్డున వజీరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. తడిసిన బూట్లలో పాత మరాఠీ పేపరు కుక్కి ఆరబెడతాడు. నిన్న కూడా ఈ డ్రెస్సింగ్ గదిలోనే, రెండింట్లోనూ అదే కుక్కి వెళ్లాడు.

ఉమేశ్ ఎడమ బూటులో చెయ్యి పెట్టాడు. పేపరు తగల్లేదు. గింజ తియ్యని పత్తి వచ్చింది.

దాన్ని పిడికిట్లో పట్టుకుని బయటికి నడిచాడు. గ్యాలరీ వెనక దత్తు ఒక్కడే లేసులు బిగించుకుంటున్నాడు. ఉమేశ్ పిడికిలి తెరిచాడు.

"ఇది ఎవరి చేన్ల పత్తి రా?"

దత్తు తల ఎత్తాడు. పత్తిని చూశాడు.

"బూట్లల్ల పత్తి కుక్కేటోడివి టీంల నువ్వొక్కడివే. ఎన్నిసార్లు నవ్వలే మేము? కోసినోడివి కోసినవు. మళ్ల ఇది ఎందుకు పెట్టినవ్?"

దత్తు ఆ పత్తిలోంచి ఒక గింజ ఒలిచి దూరంగా విసిరాడు.

"చెయ్యి ఆగలె. పేపర్ తీస్తె గని బూటు వంగలె. కోసినంక చూస్తె పేపర్ అంత పిండి పిండి అయింది. తడి తోలు ఉత్తగ ఇడిస్తె గట్టిపడ్తదని మా నాయిన చిన్నప్పటి సంది చెప్తుండె. నా సంచిల పత్తి ఉండె, కుక్కిన. కోసిన బూటును ఆరబెట్టిన నేను. నవ్వుకో.

"కని బూటు కోసుడు చిన్నది. పెద్దది ఇంకొకటుంది. వాడు కొత్తగ అచ్చిన దినం నన్ను దాటి గోల్ కొట్టిండు. నేను ఏండ్లకేండ్లు నేర్సుకున్న మలుపు వాడు ఉత్త కాళ్లతోని కొట్టిండు. సర్ నన్నే అడిగిండు, ఎట్లున్నడు అని. గోల్ ముందట భయపడ్తడు సర్, ఎనక పెట్టుండ్రి అన్న. సర్ నమ్మిండు. తిట్లు తినంగ తినంగ వాడు గూడ నమ్మిండు. వాడు తిట్లు తిన్న దినం నాకు కమ్మగ నిద్ర పట్టేది.

"ఇగో, నా బూట్లు తీస్కపో. మా ఇద్దరిది ఒక్కటే నంబర్. సర్‌కు నేనే చెప్త. కని వాడు గోల్ కొడ్తె చప్పట్లు కొట్టుమని మాత్రం అనకు, ఉమేశ్. అది నాతోని కాదు."